మెల్లకన్ను స్క్రూ

ఇప్పుడు ఎగిరింది. నా కళ్లతో చూశాను. బటన్ నొక్కీ నొక్కగానే పొడుగు ముల్లు సున్నా దగ్గర్నించి ఉలిక్కిపడ్డట్టు రెండు గీతలు ముందుకి దూకి, అక్కణ్నించి నడక మొదలుపెట్టింది. ఆపాను, సున్నాకి తెచ్చాను, మళ్లీ నొక్కాను. ఈసారి ఎగరలేదు. బుద్ధిగా బయల్దేరింది, నేనా, ఎగరడమా, ఎవరన్నారు అన్నట్టు. దీని దుంప తెగ. మూడు రోజుల్నించి ఇదే వరస. ప్రతి ముక్కా విప్పి, పెట్రోల్లో కడిగి, ఆరబెట్టి, ఎక్కడ ఎంత నూనె పడాలో అంతే సూదిమొనతో అంటించి, అన్నీ తిరిగి బిగించేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి, తీరా చూస్తే ఇది. టైం మూడూ పది. నాలుగింటికి గడియారం తాలూకు ఆయనొస్తాడు. ఫ్యాన్ వేసుకుందామంటే కుదరదు, గాలికి ఏ స్ప్రింగు లేచిపోయినా టార్చి పట్టుకుని నేల మీద పాకాలి, మొన్న అలా పాకినందుకు ఎడం మోకాలు ఇంకా వంగట్లేదు. చెమట కనుబొమ్మ దాటి కంటికి బిగించిన ఐగ్లాసులోకి దిగుతోంది. పైన టైలరు మిషన్ తొక్కినప్పుడల్లా నా బల్ల వణుకుతోంది, అందరికీ ఇవాళే బట్టలు చిరిగాయి కాబోలు. నొక్కాను. ఎగరలేదు. నొక్కాను. ఎగరలేదు. పోనీ పోయిందేమో అనుకుని ఊపిరి వదిలి ఇంకోసారి నొక్కితే ఎగిరింది. రోగం ఉంటే ఉండాలి, లేకపోతే పోవాలి, ఈ దాగుడుమూతలేమిటి నాతో.

క్రోనోగ్రాఫ్ అంటే ఏమిటండీ అని సెల్లు మార్పించుకోడానికి వచ్చేవాళ్లు అడుగుతుంటారు. టైం చూపించే గడియారంలో పరుగు కొలిచే గడియారం ఇంకోటి అద్దెకి దిగిందనుకోండి అని చెప్తాను, ఓపికుంటే. మామూలు సెకన్లు చిన్న గుండ్రంలో వాటి మానాన అవి తిరుగుతుంటాయి. నడిమధ్య పొడుగు ముల్లు మాత్రం నొక్కేదాకా కదలదు. నొక్కితే లోపల, ఎప్పుడూ తిరుగుతుండే చిన్న పళ్లచక్రం ఒకటి పక్కకి జరిగి, ఊరికే కూచున్న పెద్ద పళ్లచక్రాన్ని అందుకుంటుంది. పళ్ల సందులో పన్ను పడితే ఏ గొడవా లేదు. పన్ను మీద పన్ను పడితే పెద్దచక్రాన్ని ఒక్క తోపు తోస్తుంది, ముల్లు ఎగురుతుంది. ఆ రెండూ ఎంత లోతుగా కలవాలో చెప్పేది ఒకే ఒక్క స్క్రూ, ఆవగింజలో సగం. దాని తల నడిమధ్యన ఉండదు, ఓ పక్కకి తిరిగి ఉంటుంది. తిప్పితే బిగియదు, పక్కనున్నదాన్ని నెడుతుంది. నాన్న దానికి మెల్లకన్ను అని పేరు పెట్టాడు. అది ఎటు చూస్తోందో దానికే తెలీదు పెద్దమ్మాయీ, దాని జోలికి పోకు, అనేవాడు. నేను బల్ల ముందు కూచోడం మొదలుపెట్టిన కొత్తల్లో, ఎవరిదో క్రోనోగ్రాఫ్ తెరిచి ఉంటే స్క్రూడ్రైవర్ కాస్త దాని దగ్గరికి పోనిచ్చానని వేళ్ల మీద ఒక్కటిచ్చాడు. ఇరవై రెండేళ్ల దాన్ని, బయట కుర్చీలో మనిషి చూస్తుండగా కొట్టాడు. అంతకు ముందు కొట్టలేదు, తరవాతా కొట్టలేదు.

అసలు తప్పు నాది. మూడు రోజుల కిందట పొద్దున షట్టరు సగం లేపగానే ఈ మనిషి కాళ్లు కనబడ్డాయి, కేన్వాసు బూట్లు, ఈ వయసులో కూడా తెల్లగా. మొత్తం లేపాక మొహం చూసి ఆనవాలు పట్టడానికి ఒక క్షణం పట్టింది. పట్టాక షట్టరు మళ్లీ కిందకి లాగెయ్యాల్సింది. లాగలేదు. కళ్లజోడు పెట్టెలోంచి గడియారం తీసి కౌంటరు అద్దం మీద పెట్టాడు, ఒకప్పుడు మా తమ్ముడికి పరుగు నేర్పిన కోచ్. మీ నాన్న పోయారని విన్నానమ్మా, రాలేకపోయాను, అన్నాడు. వస్తే మా తమ్ముడు గుమ్మంలోనే ఆపేసేవాడు, అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇది ఆఖర్న మీ నాన్నే చేశాడు, తరవాత ఎవరి చేతికీ ఇవ్వలేదు, నొక్కగానే అప్పుడప్పుడు ఉలిక్కిపడుతుంది, అన్నాడు. ఎప్పట్నించి అన్నాను. చాలా రోజులైంది అన్నాడు. మరి ఇన్నాళ్లూ చేయించలేదేం అంటే, కుదర్లేదమ్మా అన్నాడు. కుదరకపోవడానికి ఇదేమైనా ఇల్లు కట్టడమా. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, ఎక్కువ కెలక్కమ్మా, ఆ ఒక్కటీ సరిచేసి ఇచ్చెయ్, అన్నాడు. అక్కడ నాకు ఒళ్లు మండింది. పాతికేళ్లు పైబడి ఈ పని చేస్తున్నదాన్ని, నాకు చెప్తాడా ఎంత కెలకాలో. ఆ మంటలోనే రసీదు రాసిచ్చేశాను. ఒప్పుకున్నానని రాసుకున్నాక ఇంకేముంది.

తమ్ముడికి తెలిస్తే నన్ను నమిలేస్తాడు. ఆ రోజుల్లో గ్రౌండులో అందరూ మా తమ్ముణ్ని జింక అనేవాళ్లు. ఇప్పుడు పొట్ట వచ్చింది, లిఫ్టులు బాగుచేస్తాడు, మెట్లెక్కమంటే మొహం చిట్లిస్తాడు. అప్పుడు పద్దెనిమిది. నాలుగొందల మీటర్లు యాభై సెకన్లలో పరిగెత్తినవాణ్ని పై జట్టుకి తీసుకుంటారు, ఒక్క రోజే పరీక్ష. గ్రౌండు వాళ్ల స్టాప్‌వాచీలు రెండూ ఆ వారంలోనే మూలపడ్డాయి, అందుకని కోచ్ తన చేతిగడియారంతో కొలిచాడు. పదకొండో తేదీ, పొద్దున ఏడు. నేను కంచె బయట సైకిలు పట్టుకుని నిలబడ్డాను. వాడు ఆఖరి మలుపు తిరిగినప్పుడు మెడ నరాలు నాకు అక్కణ్నించి కనబడ్డాయి, సైకిలు బెల్లు అదే పనిగా కొడుతున్నానని కూడా నాకు తెలీదు. గీత దాటి గడ్డి మీద పడిపోయాడు. కోచ్ గడియారం చూసి, ఇంకోసారి చూసి, పలక మీద యాభై, పక్కన అయిదింట ఒకటి అని రాశాడు. సెకనులో అయిదో వంతు. గడియారంలో ఒక్క గీత. కోచ్ మేనల్లుడు వీడి తరవాతి విడతలో పరిగెత్తాడు, నలభై తొమ్మిదీ చిల్లర వచ్చింది, వాణ్ని తీసుకున్నారు. మేనల్లుడికి కోచ్ వేలు తొందరగా కదిలింది, నాకు మాత్రం నిద్రపోయింది, అన్నాడు తమ్ముడు. ఆ సాయంత్రం స్పైకు బూట్లు మురుగ్గుంటలో పారేశాడు. నాన్న వెళ్లి వాటిని తీసుకొచ్చి, కడిగి, అటకెక్కించాడు. వాడు మళ్లీ ఆ గ్రౌండు గేటు దాటలేదు. ఇప్పటికీ బస్సు అటు తిరిగితే ముందే దిగిపోతాడు.

అమ్మా, బెల్టుకి ఒక చిల్లు పెట్టాలి. ఎవరో పెద్దమనిషి. ఐగ్లాసు పైకి లేపి, గాజు మూత గడియారం మీద బోర్లించి, చిల్లు పెట్టి ఇచ్చాను. ఆయన పోడు. గోడ మీది గడియారాలన్నీ తలెత్తి చూసి, వీటిల్లో ఏది కరెక్టమ్మా, అని నవ్వాడు. ఈ మాట రోజుకి ముగ్గురంటారు, ముగ్గురూ వాళ్లే మొదట కనిపెట్టినట్టు నవ్వుతారు. మీ చేతికున్నదేనండీ అన్నాను. సంతోషపడి వెళ్లాడు. మూడూ ఇరవై రెండు. మూత తీసి, గడియారం బోర్లా తిప్పి, మళ్లీ మెల్లకన్ను వంక చూశాను. ఇదిగో ఈ గాటు. స్క్రూ తల మీద, ఆ పక్క ఇత్తడి పలక మీద, స్క్రూడ్రైవర్ జారిన గాటు. ఎవడో చేతగాని వెధవ దీన్ని తిప్పాడు. ఒక వెంట్రుకంత ఎక్కువ తిప్పాడు, చక్రాలు అవసరానికి మించి లోతుగా కలుస్తున్నాయి, అందుకే ఈ గెంతులు. మొదటి రోజు చూసినప్పుడే తిట్టాను. మీ నాన్న తరవాత ఎవరికీ ఇవ్వలేదంటాడే, మరి ఈ గాటు ఎవరిది, ఎక్కడో సందుచివర సెల్లులేసేవాడి చేతికి ఇచ్చి ఉంటాడు, వయసుకి మర్చిపోయాడు, లేదా అబద్ధమాడుతున్నాడు, ఆయనకి అలవాటేగా. నాన్న చచ్చినా మెల్లకన్ను జోలికి పోడు. దాని జోలికి పోయినవాడికి చేతుల బదులు కాళ్లున్నాయి. మూడు రోజులుగా వాణ్ని నేను తిట్టని తిట్టు లేదు, పెట్రోలు గిన్నె దగ్గర తిట్టాను, ఇంట్లో అన్నం తింటూ తిట్టాను, మా ఆయన ఎవర్ని అని కూడా అడగడం మానేశాడు.

సరే, మూత తుడుద్దాం, ఈ లోపల చెయ్యి కాస్త నిలబడుతుంది. వెనక మూత మూడు రోజులుగా పెట్రోల్లో నానుతోంది, లోపలి వైపు ఎండిన నూనె తారులా పట్టేసి. బట్టతో రుద్దితే తారు లేచింది, గీతలు బయటపడ్డాయి. ఇది మా పనివాళ్లందరికీ ఉన్న అలవాటు, గడియారం చేసినవాడు మూత లోపల సూదితో తన గుర్తు, తేదీ గీకుతాడు, ఇంకో పనివాడు తెరిస్తే తప్ప లోకంలో ఎవరికీ కనబడదు. నాన్న గుర్తు సున్నాలో చుక్క. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. కోచ్ రెండేళ్లకోసారి ఇచ్చేవాడన్నమాట. వరసగా, తీరుగా, ఒకదాని కింద ఒకటి. అయిదోదాని తేదీ చదివాను. ఐగ్లాసు తీసి తుడిచి మళ్లీ చదివాను. మూడో తారీకు, ఆ నెల, ఆ సంవత్సరం. పరీక్ష జరిగిన పదకొండుకి ఎనిమిది రోజుల ముందు. దాని కింద ఖాళీ. ఎవరి గుర్తూ లేదు. ఎంత చేతగానివాడైనా గుర్తు గీక్కుండా మూత వెయ్యడు, చేతగానివాళ్లయితే ఇంకా పెద్దగా గీకుతారు.

కాదు. ఆగు. గాటు ఎవరిదైనా కావచ్చు. సొరుగు కింది అరలో నాన్న పాత స్క్రూడ్రైవర్ ఉంది, డబ్బాల మూతలు లేపడానికి వాడుతున్నాను, మొన ఒక మూల విరిగింది. ఆ విరుగు నేను చిన్నప్పట్నించీ ఎరుగుదును, కొత్తది కొనుక్కో నాన్నా అంటే, దీనికి నా చెయ్యి తెలుసే అనేవాడు. అది జారితే ఒక గీత పడదు, పక్కపక్కన రెండు పడతాయి, ఒకటి లావు, ఒకటి సన్నం. వెతుకుతుంటే సొరుగంతా చిందరవందర అయింది, దొరికింది, తుడిచి, పలక పక్కన పెట్టి చూశాను. లావుదొకటి. సన్నందొకటి. చూడ్డం అనవసరం, చూశాను గనక చెప్తున్నాను. చేతుల బదులు కాళ్లున్నవాడు మా నాన్న.

నువ్వెందుకు ముట్టుకున్నావయ్యా దాన్ని. బాగానే నడిచేదిగా. ఆ వారం గుర్తొస్తోంది, గుర్తు రాకపోతే బాగుండును. బల్ల దగ్గర కూనిరాగం తీస్తున్నాడు, నాన్నకి రాగం రాదు, ఒకటే ముక్క అటూ ఇటూ తిప్పి తీసేవాడు. టీ తెచ్చిపెడితే తాగలేదు. ఇది ఎవరి పరుగు కొలుస్తుందో తెలుసా, దీన్ని వెన్నలా నడిపిస్తా చూడు, అన్నాడు. మామూలు మనిషి గడియారమైతే కడిగి, నూనెలేసి, మూతేసేవాడు. కొడుకు పరుగు కొలిచేది గనక బాగున్నది చాల్లేదు. ఇంకాస్త, ఇంకాస్త అని, పదేళ్లుగా వేలు పెట్టని చోట వేలు పెట్టాడు. అదీ విరిగిన స్క్రూడ్రైవర్‌తో. ముద్దు ఎక్కువై చెడగొట్టాడు. పదిసార్లు నొక్కి చూసి ఉంటాడు, ఆ పదిసార్లూ ఈ మాయదారి ముల్లు ఇలాగే బుద్ధిమంతురాలిలా బయల్దేరి ఉంటుంది. ఇంకో ఇరవై సార్లు నొక్కడానికి ఏం పోయేకాలం నాన్నా నీకు.

మూడూ ముప్పై అయిదు. ఇప్పుడు వరసగా అన్నీ వస్తున్నాయి, పిలవని చుట్టాల్లా. పరీక్ష అయిన రెండు వారాలకి అనుకుంటాను, ఒక ఆదివారం మధ్యాహ్నం, కొట్టు షట్టరు దించి ఉంది. వెనక గదిలోకి టీ తీసుకెళ్తే కోచ్ కూచున్నాడు, ఎదురుగా నాన్న. ఇద్దరి మధ్య ఆకుపచ్చ బట్ట మీద ఈ గడియారం, మూత వేసే ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు. నేను గుమ్మంలో ఉండగానే కోచ్ అన్నాడు, వాడు నన్ను తిట్టుకోనీ, కోచ్ అయితే ఇంకొకడు దొరుకుతాడు, అని. నాన్న తలెత్తలేదు. కోచ్ గడియారం జేబులో వేసుకుని, టీ ముట్టకుండా వెళ్లిపోయాడు. ఎంత పొగరు అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా, ఇంటికెళ్లి వాడికి చెప్పాను, ఇంకో కోచ్‌ని వెతుక్కోమంటున్నాడురా ఆయన, అని. అప్పటిదాకా వాడు అటకెక్కించిన బూట్ల వంక అప్పుడప్పుడు చూస్తుండేవాడు. ఆ మాట తరవాత చూడ్డం మానేశాడు. ఇంత తెలివిగలదాన్ని, కోచ్ అయితే దొరుకుతాడు సరే, మరి దొరకనివాడెవడు అని ఒక్కసారి ఆలోచించలేదు. ఎదురుగా కూచునే ఉన్నాడుగా, తల వంచుకుని.

ఆ తరవాతే క్రోనోగ్రాఫ్‌లు తీసుకోవడం మానేశాడు నాన్న. ఎవరు తెచ్చినా, నా వల్ల కాదండీ, అని దణ్నం పెట్టి వెనక్కిచ్చేసేవాడు. ఊళ్లో అంత చెయ్యి తిరిగినవాడు లేడు, వల్ల కాకపోవడమేమిటని నేను రోజూ పోట్లాడేదాన్ని, చివరికి పట్టుబట్టి ఇంకో ఊరెళ్లి రెండేళ్లు వాటి పనే నేర్చుకొచ్చాను. వచ్చాక కూడా నా బల్ల మీద అది ఉంటే ఆయన బయటికి వెళ్లి మెట్ల మీద కూచునేవాడు. చాదస్తం అనుకున్నాను. అప్పటికే తీసుకున్న ఆఖరిదాని దగ్గర నా వేళ్ల మీద పడిన దెబ్బ కూడా నాది కాదన్నమాట. చెప్పొచ్చుగా. నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పొచ్చుగా, ఒరేయ్, నా చెయ్యి జారింది, అని. ఈయన చెప్పడు, ఆయన చెప్పనివ్వడు, వాడు అరుస్తాడు, నేను మధ్యలో టీలు మోసి మాటలు మోశాను. ముగ్గురు మగాళ్లు, ఆవగింజలో సగం స్క్రూ, ఇరవయ్యారేళ్లు. నెత్తి నేలకేసి కొట్టుకోవాలనిపిస్తోంది, నేల మీదకి వంగితే మోకాలు ఒప్పుకోదు.

ఎక్కువ కెలక్కమ్మా, ఆ ఒక్కటీ సరిచేసి ఇచ్చెయ్. ఇప్పుడర్థమైంది ఎందుకన్నాడో. నాన్న బతికుండగా తెస్తే నాన్న మొహం చూడాలి. ఇప్పుడు నాన్న లేడు, ఈయనకీ ఎక్కువ రోజులున్నట్టు లేవు, తన తరవాత ఇది ఎవరి చేతికో పోయి ఎవడో తెరిచి చూడకముందే, ఆ ఒక్క వంకా పోవాలి. పోగొట్టడానికి నా దగ్గరికి తెచ్చాడు. ఎంతసేపు పని, ఒక వెంట్రుక వెనక్కి తిప్పితే చాలు, చక్రాలు సర్దుకుంటాయి, ముల్లు ఇంక జన్మలో ఎగరదు. గాటు ఉంటుంది, గాటుని చూసి ఎవరికేం తెలుస్తుంది. నేను తిప్పానంటే సాక్ష్యం పోయినట్టే, మళ్లీ తెమ్మన్నా రాదు. నాలుగింటికి ఆయన తీసుకుపోతాడు, కోచ్‌ని తిట్టుకుంటూ తమ్ముడు ముసలాడవుతాడు, నాన్న ఫొటోలో నాన్న నాన్నలాగే ఉంటాడు. వాడు నాన్న కళ్లజోడు ఇప్పటికీ తన మంచం పక్కన పెట్టుకుంటాడు, రోజూ తుడుస్తాడు. ఇది చెప్పి ఆ కళ్లజోడు వాడి చేతిలోంచి నేను లాక్కోవాలా. చెప్పకపోతే, ఆ ముసలాయన తెల్ల బూట్లేసుకుని ఎవరి తప్పునో మోసుకుంటూ పోతాడు. నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది, మొన స్క్రూ గాడిలో కూచుంది, తిప్పడమే తరువాయి.

మొన వెనక్కి తీసేశాను. గడియారం తిప్పి, కాగితం దగ్గరికి లాక్కుని, గీతలు పెడుతూ నొక్కడం మొదలుపెట్టాను. సరిగ్గా తెలియాలి కదా, ఊరికే అనకూడదు కదా నాన్నని. యాభై సార్లు నొక్కాను. పంతొమ్మిది సార్లు ఎగిరింది, ముప్పై ఒక్కసార్లు ఎగరలేదు. ఇది మరీ అన్యాయం. ఆ పొద్దున ఎగిరి ఉంటే వాడు నలభై తొమ్మిదీ అయిదింట నాలుగులో వచ్చాడు, జట్టులో ఉండాల్సినవాడు. ఎగరకపోతే యాభై దాటాడు, అంతే, ఎవరి తప్పూ లేదు, వాడికే ఆ రోజు కాలు ఆడలేదు. ఏది నిజమో ఈ గడియారం చెప్పదు. నాన్న బతికినన్నాళ్లూ మెట్ల మీద కూచుని ఇదే లెక్క వేసుకుని ఉంటాడు. ఒక్క చోట తేలితే ఏడ్చి ఊరుకోవచ్చు. తేలి చావదే.

ఫోన్ తీశాను. ఎక్కడున్నావురా అంటే, లిఫ్టులో అన్నాడు. ఎక్కడి లిఫ్టు. మూడో అంతస్తుకీ నాలుగుకీ మధ్య. వెంటనే కొట్టుకి రా అన్నాను. లోపల ఇద్దరు మనుషులున్నారక్కా, అన్నాడు. వాళ్లని దించేసి రా, అని పెట్టేశాను.

పది నిమిషాల్లో వచ్చాడు, భుజాన పానాల సంచి, చొక్కా మీద గ్రీజు. పైన టైలరు మిషన్ ఇంకా ఆడుతూనే ఉంది. బల్ల మీదున్నదాన్ని ఒక్క చూపులో గుర్తుపట్టాడు. నెత్తురంతా ఒక్కసారి వాడి మొహంలోకి ఎక్కింది.

"ఇది ఇక్కడికెలా వచ్చింది? ఆయన్ని కొట్లోకి రానిచ్చావా నువ్వు?"

"తరవాత అరుద్దువు గాని. ముందు కూచుని ఆ బటన్ నొక్కు. ముల్లు వంక చూస్తూ నొక్కు."

నొక్కాడు. ఎగరలేదు. ఏముంది ఇందులో, అన్నట్టు చూశాడు. మళ్లీ అన్నాను. మూడోసారికి ఎగిరింది. వాడు లిఫ్టుల మనిషి, గుమ్మానికి అంగుళం కిందో పైనో ఆగితే ఎందుకు ఆగిందో పాదంతో చెప్పగలడు. ఇంక నేను చెప్పక్కర్లేకపోయింది. నొక్కుతూనే ఉన్నాడు, ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు, వాడు పెట్టాడు, పెదాలు కదులుతున్నాయి. గెలిచినవాడి మొహంలాంటిది ఒకటి వచ్చింది వాడికి. చెప్పానా, చెప్పానా లేదా నీకు, అన్నాడు. ఎవడు చేశాడు ఈ పని, అన్నాడు.

మూత వాడి ముందు పెట్టి ఐగ్లాసు తీసి ఇచ్చాను. వాడికి ఐగ్లాసు కంట్లో నిలబడదు, చేత్తో పట్టుకుని చూశాడు. సున్నాలో చుక్క వాడికీ తెలుసు, చిన్నప్పుడు వాడి స్కూలు పలకల మీద కూడా నాన్న అదే గీకేవాడు. అయిదో గుర్తు దగ్గర తేదీ చదవడానికి వాడికి చాలాసేపు పట్టింది. ఇంకో గుర్తు కోసం మూత ఇటూ అటూ తిప్పాడు. ఆ ఆదివారం గురించి చెప్పాను. నేను వాడికి మోసుకొచ్చిన మాట గురించీ చెప్పాను, నా తప్పేరా అని కూడా అన్నాను. వాడు ఐగ్లాసు బల్ల మీద పెట్టి, అది దొర్లిపోతుంటే ఆపి, మళ్లీ నిలబెట్టాడు.

నాలుగుకి రెండు నిమిషాలుండగా గుమ్మంలో తెల్ల బూట్లు కనబడ్డాయి. కోచ్ వాణ్ని చూశాడు, వాడి ముందున్న మూతని చూశాడు. నా వంక తిరిగి, అంత చెప్పాను కదమ్మా, అన్నాడు, కోపంగా కూడా కాదు, అలిసిపోయినట్టు. నాకు మళ్లీ ఒళ్లు మండింది. మీరు చెప్పిందేంటి సార్, ఏం చెప్పారు, మీరందరూ కలిసి ఎవరికి ఏం చెప్పారు, అందామనుకున్నాను. తమ్ముడు లేచి నిలబడ్డాడు. స్టూలు కోచ్ వైపు జరిపాడు.

"కూర్చోండి సార్."

ఆయన కూచోలేదు. స్టూలు అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు ఎగిరిందా సార్?"

కోచ్ గడియారం వంక చూడలేదు. వాడి వంకే చూస్తున్నాడు, పొట్ట, గ్రీజు చొక్కా, చెవుల పక్క నెరిసిన జుట్టు, అంతా.

"తెలీదురా. జెండా పడ్డాక నేను ముల్లు వంక చూళ్లేదు. నిన్ను చూస్తున్నాను."

పైన మిషన్ ఎప్పుడాగిందో ఆగింది. తమ్ముడు గడియారాన్ని ఆకుపచ్చ బట్టతో సహా రెండు చేతులతో నా ముందుకి జరిపాడు. సరిచెయ్యక్కా, అన్నాడు. ఐగ్లాసు పెట్టుకుంటే మసగ్గా ఉంది, తుడిచి పెట్టుకున్నా మసగ్గానే ఉంది, దీనికి కూడా ఇప్పుడే రోగం రావాలా అని తిట్టుకుంటూ ఇంకోసారి తుడిచాను, మొన విరగని స్క్రూడ్రైవర్ తీసుకుని మెల్లకన్ను మీద ఆనించాను.